లెతీజియ తెచ్చిన కుండ

నా భార్య ఆర్కాంజెల చనిపోయిన రోజు ఆమె చెల్లెలు లెతీజియ మా ఇంటికి ఖాళీ కుండ తెచ్చింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇల్లంతా జనం ఉన్నారు. అందరూ చూశారు.

మా ఊరు రొక్కస్పీనలో చావింట్లో పొయ్యి వెలిగించరు. పూడ్చి వచ్చేవరకూ ఆ ఇంటి పొగగొట్టం చల్లగా ఉండాలి. పొగ లేస్తే పోయిన మనిషి అందులో చిక్కుకుని ఇల్లు వదలదంటారు. అందుకని తిండి బయటినుంచి వస్తుంది. మొదటి కుండ అందరికంటే దగ్గరి చుట్టం తేవాలి. ముసలి కోడిపెట్టను వైన్‌లో, టమాటాలో మెల్లగా ఉడికించిన కూర. అది గడప దాటాకే మిగతా ఇళ్ళ నుంచి రొట్టె, జున్ను, చారు వస్తాయి. అది దాటకుండా ఇంకెవరి కుండా దాటదు. దాటితే, ఇది దిక్కులేని చావని ఊరంతా కలిసి ముద్ర వేసినట్టు.

లెతీజియ ఇల్లు మా ఇంటికి ఎదురు. సందు ఎంత ఇరుకంటే, రెండు కిటికీల్లోంచి చేతులు చాస్తే వేళ్ళు తగులుతాయి. ఆ రోజు ఆమె నల్లబట్టలు వేసుకుని, రెండు చేతులా మట్టికుండ పట్టుకుని, మూత మీద తెల్లగుడ్డ కప్పి సందు దాటింది. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. అక్కచెల్లెళ్ళకు ఏళ్ళ తరబడి మాటల్లేవు. చివరికి చావు కలిపిందిలే అని ఎవరో అన్నారు కూడా. ఆమె కుండను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. కాంపొబాస్సో నుంచి వచ్చిన ఆర్కాంజెల పిన్ని కొడుకు గుడ్డ తీసి మూత ఎత్తాడు.

లోపల ఏమీ లేదు. కడిగి, తుడిచి, ఆరబెట్టిన కుండ.

"అక్క నాకు తెచ్చినంతే తెచ్చాను బావా. ఒక ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు," అంది లెతీజియ. అని వెళ్ళిపోయింది.

మొదటి కుండ రాలేదు కాబట్టి రెండోది రాలేదు. బయట మంచు పడి ఊరు దాటే దారి మూసుకుపోయింది. సాయంత్రానికి కాంపొబాస్సో పిన్ని, పళ్ళు లేని ముసలిది, ఆకలికి కుర్చీలోనే సొమ్మసిల్లింది. నేను పొయ్యి రాజేశాను. పెళ్ళాన్ని పక్క గదిలో కొవ్వొత్తుల మధ్య పెట్టుకుని నేను కోడి కోశాను. అప్పటికి నాకు వంట రాదు. వెల్లుల్లి మాడ్చాను. పెట్ట ఉడకలేదు. ఉడకని కోడిని చావింట్లో వడ్డించాను. మర్నాడు ఆర్కాంజెల శవపెట్టె గడప దాటేటప్పటికి మా పొగగొట్టం ఇంకా పొగ కక్కుతూనే ఉంది. మోసేవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

ఆ కుండ నేను తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగలేదు. అటక మీద పెట్టాను. తరువాత ఆర్కాంజెల కూర నేర్చుకున్నాను. ఒంటరివాడికి చాలా పొద్దు ఉంటుంది.

పోయిన నవంబరులో లెతీజియ మొగుడు ఎర్మీనియో ఆలివ్ కాయలు దులుపుతూ నిచ్చెన మీద నుంచి పడి చచ్చాడు. చెడ్డవాడు కాదు. మంచివాడని కూడా నేను అనను. మర్నాడు పొద్దున చర్చి గంట మోగిన కాసేపటికే కార్మినెల్ల మా గుమ్మంలో ఉంది. ఊళ్ళో పురుడైనా చావైనా ముందు ఆమె కాలు పడుతుంది. ఆర్కాంజెలకు చిన్ననాటి స్నేహితురాలు.

"విన్నావా పల్మెరీనో?"

"చెవిటివాణ్ణి కాదు. గంట కొట్టారుగా."

"మరి కూర్చున్నావేం?"

"నేను నిలబడితే వాడు లేస్తాడా?"

నేను కూర్చోమనకుండానే ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "చూడు, సూటిగా అడుగుతున్నా. కుండ ఎప్పుడు తెస్తావు?"

"ఏ కుండ?"

"నాటకాలు నా దగ్గరొద్దు. నువ్వు తప్ప దానికి ఈ ఊళ్ళో ఎవరున్నారు? ఎర్మీనియో పై ఊరివాడు. వాడి వాళ్ళంతా అర్జెంటీనా పోయి అక్కడి మట్టిలో కలిశారు. పిల్లా జెల్లా లేరు. నువ్వు మొదటి కుండ తేకపోతే మా కుండలు మా ఇళ్ళల్లోనే చల్లారతాయి."

"చల్లారనివ్వు. వేడి చేసుకుని మీరే తినండి."

"ఛీ. ఒళ్ళు ముసలిదైంది గానీ, కడుపులో విషం ఇంకా పడుచుగానే ఉంది నీకు."

"వినెగర్‌లో ఊరేశాను. పాడవదు."

కార్మినెల్ల నవ్వు ఆపుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "అది నిన్న మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదయ్యా. ఆ రోజు చేసింది పాపమే, కాదనను. కానీ ఇప్పుడు నువ్వు తీసుకెళ్ళావనుకో, ఊరంతా ఏమంటుందో తెలుసా? ఆర్కాంజెల మొగుడు మనిషంటే మనిషి అంటుంది," అంది.

నేను లేచాను. కత్తి తీసుకుని పెరట్లో కోళ్ళ గూటి వైపు నడిచాను. "అదీ," అంటూ కార్మినెల్ల స్కర్టు దులుపుకుని సందు దాటి పరిగెత్తింది. ఆ వయసులో అంత వేగం ఎక్కడిదో.

కుండ తెస్తానని నేను అనలేదు. ఇది గుర్తుంచుకోవాలి. గూటి వైపు నడిచానంతే. మిగతాది ఊరు తనకు తానే అల్లుకుంది. చావు గంట మోగిన రోజు దగ్గరి చుట్టం పొయ్యి వెలిగిస్తే, అది ఎదుటింటి కోసమే అనుకోవడం మా వాళ్ళకు పుట్టుకతో వస్తుంది. ఇంకోలా అనుకోవడం వాళ్ళకు చేతకాదు.

గుడ్లు మానేసిన బూడిదరంగు పెట్టను పట్టాను. ఈ కూరకు లేత కోడి పనికిరాదు. పోట్లాడే మాంసం కావాలి. మెడ కోసి, తలకిందులుగా వేలాడదీసి, వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకాను. తోక మీద ఉండే నూనె గడ్డను తీసేశాను. అది ఉంటే కుండంతా కంపు. ఎముకతో సహా ముక్కలు కొట్టాను. ముందు నూనె లేకుండా వట్టి కుండలోనే ముక్కలు వేసి, అవి వదిలిన నీరు, కొవ్వు పారబోయాలి. ఈ సంగతి తెలియకే ఆ రోజు పాడుచేశాను. ఆర్కాంజెల ఎప్పుడూ చెప్పలేదు. నేను ఎప్పుడూ అడగలేదు.

తర్వాత కాస్త పందికొవ్వు, ఆలివ్ నూనె, పొట్టు తీయకుండా చితక్కొట్టిన వెల్లుల్లి. ముక్కలు ఎర్రబడ్డాక గోడ పక్కన పెరిగే రోజ్‌మేరీ రెమ్మ, ఎండిన ఎర్ర మిరపకాయ, మా ద్రాక్షతోటలోని తెల్ల వైన్. వైన్ పోయగానే కుండ బుసకొట్టింది. ఆ ఆవిరి తగ్గేవరకూ కదలకూడదు. ఆగస్టులో సీసాల్లో నింపి పెట్టుకున్న టమాటా పోసి, మంట తీసేసి, కుండను నిప్పుల పక్కకు జరిపాను. ఇక అది దాని పని చూసుకుంటుంది.

కిటికీ తెరిచాను. వాసన సందు దాటాలి కదా.

కూర ఉడుకుతున్నంతసేపూ మనిషికి వేరే పని ఉండదు. ఆర్కాంజెల చివరి జబ్బులో నాతో చెప్పిన మాట గుర్తుచేసుకున్నాను.

లెతీజియకు పెళ్ళయిన మరుసటేడు బిడ్డ పుట్టింది. పుట్టడమే చచ్చి పుట్టింది. జ్ఞానస్నానపు నీళ్ళు చల్లించి పేరు పెట్టే సమయం కూడా లేదు. అప్పటి పాదిరీ శ్మశానం గోడ లోపల చోటివ్వనన్నాడు. గోడ బయట పూడ్చారు. పేరు లేని బిడ్డకు గంట కొట్టరు, కుండ తేరు. అదీ మా ఊరి పద్ధతే. ఎవరూ వెళ్ళలేదు. ఎర్మీనియో గుంట తవ్వడానికి వెళ్తే, లెతీజియ పచ్చి బాలింత, తనే లేచి పొయ్యి రాజేసుకుందట. ఊరు రానందుకు ఊరిని క్షమించింది. అక్క రానందుకు అక్కను క్షమించలేదు. మాట మానేసింది. ఎందుకు రాలేదని ఎప్పుడూ అడగలేదు. ఆర్కాంజెల ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారు. ఆ మొండితనం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు.

నేనప్పుడు ఊళ్ళో లేను. బెల్జియంలో బొగ్గు గనిలో ఉన్నాను. అందుకని నాకూ తెలియదు. చనిపోయే ముందు ఆర్కాంజెల చెప్పింది.

"నేను వండాను పల్మెరీనో. పద్ధతి లేదని తెలిసీ వండాను. తెల్ల పెట్టను కోశాను. గుడ్డ కప్పి తీసుకెళ్ళాను. దాని గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. 'పేరు లేని బిడ్డకు కుండ మోస్తే ఆ కడుపు మళ్ళీ పండదు. చెల్లెల్ని గొడ్రాలిని చేస్తావా? వెనక్కి పో,' అంది. లోపల అది ఏడవడం వినపడుతోంది. నేను వెనక్కి వచ్చేశాను. చర్చి వెనక కుక్కలకు పోశాను."

"మరి చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పను? అమ్మ పోయేదాకా దాని ఇంట్లోనే ఉంది. దాని చేత్తోనే తిన్నది. దానికి అమ్మంటే ప్రాణం. నా మీద కోపంతో బతికేస్తుందిలే అనుకున్నాను. అమ్మ మీద కోపం పుడితే బతకదు." కాసేపు ఊపిరి తీసుకుని, "ఇప్పుడు అమ్మ లేదు. నేనూ ఉండను. నువ్వు చెప్పు. నేను వండానని చెప్పు. గుమ్మం దాకా వచ్చానని చెప్పు. అంతే చాలు దానికి," అంది.

చెప్తానన్నాను. చెప్పేవాడినే. చావు రోజున లెతీజియ గుడ్డ కప్పిన కుండతో సందు దాటుతుంటే, ఆ మాట నా నోటి దాకా వచ్చి ఉంది. ఆమె కుండ దించగానే పక్కకు పిలిచి చెబుదామని లేచాను కూడా. అప్పుడు మూత ఎత్తారు.

మధ్యాహ్నానికి కార్మినెల్ల మళ్ళీ వచ్చింది. చెంచాతో పులుసు తీసి ఊది నాలుక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"ఆర్కాంజెల చెయ్యి," అంది. "ఒట్టు, అదే చెయ్యి. ఎవరు నేర్పారు నీకు?"

"ఆకలి."

"కిటికీలన్నీ తెరుచుకుని ఉన్నాయి చూడు. అందరి కుండలూ సిద్ధంగా ఉన్నాయి. నీదెప్పుడు దాటుతుందా అని గుమ్మాల్లో నిలబడ్డారు. వాసన రాగానే లెతీజియ ఒక్కసారి ఏడ్చింది. మొగుడు పోయినా ఏడవనిది. ఇంకెంతసేపు?"

"మాంసం ఎముక వదలాలి."

"త్వరగా వదిలించవయ్యా." వెళ్ళిపోయింది.

నేను దించలేదు. మూత కొద్దిగా జరిపి పెట్టి కూర్చున్నాను. ఎదుటింటి కిటికీలో నల్ల తలగుడ్డలు వరసగా కనిపిస్తున్నాయి. గాలి అటే వీస్తోంది.

లెతీజియ తనే వస్తుందని నేను అనుకోలేదు. శవం ఇంట్లో ఉండగా భార్య గడప దాటకూడదు. దాటింది. సందు నిండా ఆడవాళ్ళు చూస్తుండగా వచ్చి నా వంటింటి గుమ్మంలో నిలబడింది. చిక్కిపోయి ఉంది. ముక్కు, గడ్డం అచ్చం ఆర్కాంజెలవి.

"వాసన బాగుంది బావా."

"శవాన్ని వదిలి వచ్చావు."

"వాడెక్కడికి పోతాడు? బతికుండగానే ఎక్కడికీ పోలేదు." నవ్వబోయి మానేసింది. "కూర్చోమనవా?"

"నీ ఇంట్లో కుర్చీలు లేవా?"

"ఉన్నాయి. అన్నిటి మీదా ఆడవాళ్ళున్నారు. అందరూ నీ పొయ్యి వంకే చూస్తున్నారు." గుమ్మానికి ఆనుకుంది. "నువ్వు తేవు. నాకు తెలుసు. వాళ్ళకు తెలియదు, పాపం. పొద్దున్నుంచీ గిన్నెలు కడిగి పెడుతున్నారు."

నేను నిప్పులు ఎగదోశాను.

"కోపంలో చేశానని అబద్ధం చెప్పను బావా. ఆ కుండ కడుగుతున్నప్పుడు కూడా ఆలోచించే కడిగాను. కానీ నా బిడ్డ పోయిననాడు, అది బల్ల మీద ఉంది. పాలు కారి రవిక తడుస్తోంది. ఆ చేతుల్తోనే నేను పుల్లలు పేర్చుకున్నాను. బావా, ఒక్కరంటే ఒక్కరు రాలేదు."

"పేరు లేని బిడ్డకు కుండ లేదు. పద్ధతి నేను పెట్టలేదు."

"అక్క కూడా పెట్టలేదు. తెలుసు."

నేను అటక ఎక్కాను. దుమ్ము తుడవకుండానే ఆమె కుండ తెచ్చి చేతుల్లో పెట్టాను. ఆమె మూత ఎత్తి లోపలికి చూసింది. లోపల సాలెగూడు ఉంది.

"ఒక ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు," అన్నాను.

ఆమె మెల్లగా తల ఆడించింది. నిజం చెప్పాలంటే ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు.

"సరే. చెల్లుకు చెల్లు. నాకు తిండి అక్కర్లేదు బావా, ఒక్క మాట కావాలి. అందుకే వచ్చాను. అక్క చివర్లో నా గురించి ఏమైనా అందా?"

పొయ్యి మీద కుండ కుతకుతమంటోంది. గరిటె నా చేతిలో ఉంది.

"అనలేదు."

"నా పేరైనా?"

"ఎత్తలేదు."

"ఆ రోజు ఎందుకు రాలేదో... ఎప్పుడైనా, నీతో, పడుకున్నప్పుడైనా..."

"రావాలనిపించి ఉండదు."

ఆమె ఆ మాటను కాసేపు అలాగే నిలబడి విన్నది, ఇంకా ఏదో వస్తుందన్నట్టు. రాలేదు. అప్పుడు మెడలోని నల్లగుడ్డ తీసి కుండ మీద కప్పుకుంది. ఖాళీ కుండను వీధిలో తెరిచి తీసుకెళ్ళడానికి సిగ్గుపడిందేమో. రెండు చేతులా పట్టుకుని సందులోకి దిగింది.

సందులో ఆడవాళ్ళు చూసింది అదే. నా ఇంటి నుంచి గుడ్డ కప్పిన కుండ ఆమె చేతుల్లో వెళ్తోంది. మొదటి కుండ దాటిందనుకున్నారు. "దేవుడు చల్లగా చూడాలి నిన్ను, పల్మెరీనో," అని ఎవరో కిటికీలోంచి అన్నారు. అప్పటికే గుమ్మాల్లోంచి గిన్నెలు, రొట్టెల బుట్టలు కదిలాయి. ఆమె వెనకే వరసగా ఆ ఇంట్లోకి వెళ్ళాయి.

అంతే వరసగా బయటికి వచ్చాయి. మూత ఎవరు ఎత్తారో నాకు తెలియదు. కార్మినెల్లే అయి ఉంటుంది. తలలు దించుకుని, తెచ్చిన గిన్నెలు తెచ్చినట్టే పట్టుకుని, ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. తలుపులు మూసుకున్నారు. కార్మినెల్ల ఒక్కతే నా గుమ్మం దగ్గర ఆగింది.

"నువ్వు తిను," అంది. "అంతా నువ్వే తిను. ముక్క కూడా మిగల్చకు."

"అలాగే."

"ఆర్కాంజెల ఉంటే నీ ముఖాన ఉమ్మేది."

"ఆర్కాంజెల లేదు."

కుండ దించాను. మాంసం ఎముక నుంచి దానంతట అదే జారింది. ఉప్పు సరిపోయింది. రొట్టె విరిచి, కిటికీ ఎదురుగా బల్ల వేసుకుని కూర్చున్నాను. రెండో ముక్క తింటుండగా ఎదుటింటి పొగగొట్టం నుంచి పొగ లేచింది. ముందు సన్నగా, పచ్చి పుల్లలు వేసినట్టు తెల్లగా. తర్వాత నల్లగా. ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఆమె పొయ్యి రాజేసుకోవడం అది రెండోసారి. అడుగున మిగిలిన పులుసును రొట్టెతో తుడిచి తిన్నాను. ఆ కూర అంత బాగా మళ్ళీ కుదరలేదు.

ఎర్మీనియోను పూడ్చారు. నేను వెళ్ళలేదు. లెతీజియ ఆ తరువాత సందు వైపు కిటికీకి లోపలినుంచి చెక్క పలక కొట్టించింది. నా కిటికీ తెరిచే ఉంటుంది. చలికాలం ఆమె దగ్గుతుంటే పలక వెనకనుంచి వినపడుతుంది.

కార్మినెల్లకు ఏదో అనుమానం ఉంది. కనపడినప్పుడల్లా, ఆర్కాంజెల పోయే ముందు నీతో ఏం చెప్పిందని అడుగుతుంది. కొత్త పాదిరీ పాపసంకీర్తనకు, చేసిన పాపాలు ఒప్పుకోవడానికి, రమ్మని కబురు పంపుతాడు. నేను చేసిన పాపం ఏదీ నాకు కనపడలేదు. ఆమె తెచ్చింది ఆమెకు ఇచ్చాను. ఇదిగో, ఒక్కసారి చెప్పాను. ఇక కార్మినెల్ల అడిగినా, పాదిరీ అడిగినా, లెతీజియ మళ్ళీ గుమ్మంలోకి వచ్చి అడిగినా, నేను పోయాక అవతల ఆర్కాంజెల ఎదురొచ్చి అడిగినా, దీని గురించి నోరు తెరవను.